షరతులన్నిటి లోపల

ఆసుపత్రి కోసం వాళ్ళ ఆఫీసు రాసిన అపాయింట్‌మెంట్ల ప్రోగ్రామ్ పదకొండింటికల్లా మళ్ళీ ఆగిపోయింది. శుభ్రం చేసే పని మీ చేతికే బాగా వస్తుంది మేడమ్, ఓసారి చూసిపెట్టండి అన్నాడు టీమ్ లీడ్. పక్క సీట్లవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు, కాదననూ లేదు. ప్రోగ్రామ్ తెరిచింది.

ఎవరు అపాయింట్‌మెంట్ అడిగినా ఆ ప్రోగ్రామ్ డేటాబేస్‌తో ఒక కనెక్షన్ తెరుస్తుంది. పని కాగానే మూసెయ్యాలి. ఒకేసారి తెరవగలిగేవి వందే; మూయనివి పేరుకుపోతే కొత్తవాళ్ళకు చోటుండదు. ప్రోగ్రామ్‌లో మూసే వాక్యం ఉంది మరి, ఎందుకు పేరుకుపోతున్నాయి? ఆమెకు కుతూహలం పుట్టింది. పాత ప్రతులు ఒక్కొక్కటే తీసి చూసింది. మొదట్లో ఒకటే షరతు: రోగి పేరు నమోదై ఉంటే. మరుసటేడు దాని లోపల ఇంకొకటి: డాక్టరు ఉంటే. దాని లోపల మరొకటి: ఆ గంట ఖాళీగా ఉంటే. షరతు పెట్టిన ప్రతివాళ్ళూ మూసే వాక్యాన్ని ఇంకాస్త లోపలికి నెట్టారు. ఇప్పుడు అన్నీ కుదిరితేనే అది నడుస్తుంది. ఏ ఒక్కటి కుదరకపోయినా తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. మూసే వాక్యాన్ని ఎవరూ తీసెయ్యలేదు. జరిపారంతే.

మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది. అమ్మ పోయి నాలుగు నెలలు. నెలాఖరుకు అమ్మ ఉన్న అద్దె ఇల్లు అప్పగించాలి, ఈలోగా వస్తే అమ్మ గది ఇద్దరం కలిసి సర్దుదామని అక్క ఎన్నిసార్లు ఫోన్ చేసిందో. వెళ్దువుగానిలే అన్నాడు భర్త, పాప పరీక్షలయితే. అవి అయ్యాయి. ఆడపడుచు వచ్చి వెళ్తే అన్నాడు. ఆవిడా వచ్చి వెళ్ళింది. ఇప్పుడు అత్తగారి మోకాలి నొప్పి. "మేం వద్దన్నామా అమ్మా?" అని అత్తగారు నిజంగానే నొచ్చుకుంది. నిజమే, ఎవరూ వద్దనలేదు.

ప్రతి షరతుకూ 'లేకపోతే' పెట్టి అక్కడా మూసేస్తే సరిపోదా అని లీడ్ అడిగాడు.

"రేపు ఇంకో షరతు వస్తే మళ్ళీ మర్చిపోతాం," అంది.

మూసే వాక్యాన్ని షరతులన్నిటి బయటికి తెచ్చింది, లోపల ఏం జరిగినా, పని మధ్యలో చెడినా, నడిచి తీరేలా. సాయంత్రం దాకా గమనించింది. మూయకుండా ఒక్క కనెక్షనూ మిగలలేదు.

ఇంటికి వచ్చి, గిన్నెలు తోముతూ చెప్పింది. "ఆదివారం అక్క దగ్గరికి వెళ్తున్నానండీ."

"అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గితే వెళ్దువుగానిలే," అన్నాడు భర్త, ఎప్పటిలాగే మెత్తగా.

"తగ్గాలనే కోరుకుంటున్నాను," అంది. "తగ్గకపోయినా వెళ్తాను."