పప్పు ఉడికిన నీళ్లు

పప్పు మళ్లీ ఉడకలేదు. పలుకుల్ని కంచం అంచుకు తోసి తోమాసు అన్నాడు: "బాపట్ల వెళ్లి రాళ్లు ఉడకబెడుతుంది. ఇంట్లో పప్పు ఉడకబెట్టలేదు."

భర్త మాటకు దేవకుమారికి నవ్వొచ్చింది. మాట నిజమే. గనుల్లో బొగ్గుతో పాటు పైకొచ్చి గుట్టలుగా పడి ఉండే పనికిరాని రాయి ఆమె పరిశోధన. దాన్ని దంచి, కాస్టిక్ సోడాతో కాల్చి, నీళ్లలో ఉడికిస్తే తెల్లటి పొడి వస్తుంది. జియోలైట్. నీళ్లలోని సున్నాన్ని పట్టేసుకుంటుంది. దానికోసం చీకటితోనే వంట ముగించి, రేపల్లెలో బండెక్కి, తెనాలిలో మారి, బాపట్ల కాలేజీకి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి పొద్దుటి కంచాలు ఎండి ఉంటాయి. కంచం కడగడానికి డిగ్రీ అక్కర్లేదు. అయినా ఆ ఇంట్లో డిగ్రీ ఉన్న మనిషే కడుగుతుంది.

"మా అమ్మ ఇదే బోరింగు నీళ్లతో వెన్నలా వండేది. ఈస్టర్ దాకా చూస్తా. తర్వాత కాలేజీ మానెయ్," అన్నాడు.

అత్త జ్ఞానమ్మ తలెత్తలేదు.

ఇదే నీళ్లతో. ఆ మాట బండిలో ఆమె వెంటే వచ్చింది. పెళ్లయిన నాటి నుంచి తన చేతిలోనే ఏదో లోపమనుకుంది. పరిశోధన కోసం నిజాంపట్నం నీళ్లు పరీక్షించింది, అడవులదీవి నీళ్లు పరీక్షించింది. తన బిందె మాత్రం చూడలేదు.

మర్నాడు సీసాలో పట్టుకెళ్లింది. సబ్బు వేసి ఊపితే తెట్టు కట్టింది తప్ప నురగ లేదు. పప్పును ఉడకనివ్వని సున్నపు నీళ్లు. బాగా కడిగిన పొడి కలిపి, తేరాక వడకట్టి ఊపింది. నురగ సీసా మూతి దాకా పొంగింది. ల్యాబులో ఒక్కతే పకపకా నవ్వింది.

పొడి ఇంటికి తెచ్చి, శనివారం అలా వడకట్టిన నీళ్లతో వండింది. పప్పు వెన్నలా కరిగింది. తోమాసు మారు వడ్డించుకున్నాడు.

"మనసు పెడితే వచ్చిందిగా. ఇక కాలేజీ ఎందుకు?"

ఉడక్కపోతే మానాలి. ఉడికితే మానాలి. దేవకుమారి లోపలికెళ్లి బిందె, పొడి డబ్బా, వడకట్టే గుడ్డ తెచ్చి అతని ముందు పెట్టింది.

"లోపం చేతిలో కాదండీ, నీళ్లలో ఉంది. ఇది కలిపి, తేరాక వడకట్టండి. సోమవారం నుంచి పప్పు మీరే వండండి. నాకు బండికి టైమవుతుంది."

తోమాసు తల్లి వైపు చూశాడు.

"ఉడక్కపోతే నన్నడుగు నాయనా," అంది జ్ఞానమ్మ. "నేను వండిన రోజుల్లో నీకు తెలీకుండా పప్పులో వేసిన వంటసోడా ఇంకా ఉంది."