సగం పాలు

గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని సన్యాసమ్మ వచ్చేసరికి పాక ముందు చిన్న ట్రక్కు ఆగి ఉంది. దూడని అప్పటికే ఎక్కించేశారు. కింద తల్లి ఆవు చిలక మెడతాడు తెంపుకునేలా గుంజుతూ అరుస్తోంది.

"రాయే రా," అన్నాడు మొగుడు ఆదిబాబు. "మన సిలకని అత్తారింటికి అంపుతన్నారు. మనకి పిలుపు నేదు గానీ, బండి మాత్రం వచ్చీసినాది."

నవ్వుతూనే అన్నాడు గానీ కట్టుగుంజని వదల్లేదు.

కద్మా పేట వెనక, ఖర్కాయ్ ఏటి ఒడ్డున, వీళ్ళు ఏళ్ళ తరబడి తోటకూరా గోంగూరా వేసుకున్నారు. మడిగట్ల మీద గడ్డి ఆవుకి సరిపోయేది. తర్వాత నడకబాట పేరుతో ఒడ్డంతా కంచె వేశారు. ఇప్పుడు పొట్ట తగ్గించుకునేవాళ్ళు కంచె లోపల తిరుగుతున్నారు, పొట్ట నింపుకోవాల్సిన సన్యాసమ్మ కంచె బయట గడ్డి కోసం తిరుగుతోంది. తవుడు ధర చూస్తే మనుషులే తినడం మానేసేలా ఉంది. వాడుక ఇళ్ళు ఒక్కొక్కటే పాకెట్ పాలకి మారిపోయాయి. కూరమడులు పోయాక మిగిలింది చిలక ఒక్కటే.

చిలకని బక్కపెయ్యగా ఇచ్చింది సీతారామరావు. శ్రీకాకుళం వైపు మనిషి, ఇక్కడి స్టీలు కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. "పాలికి తోలుకుపో సన్యాసమ్మా. మేపుకో. సగం పాలు నీది," అన్నాడు. వాళ్ళ ఊళ్ళవైపు మాట అది, పాలు అంటే వాటా. పెయ్య ఒకరిది, మేపు ఒకరిది. ఎదిగాక ఆవులో సగం వాటా మేపినవాళ్ళది. దానికి ఎవరూ కాగితం రాసుకోరు. రాయమంటే అవతలివాడిని దొంగ అన్నట్టే.

ట్రక్కు పక్కన రావు కొడుకు శివశంకర్ నిలబడి ఉన్నాడు. ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి హిందీయే వస్తుంది.

"ఏటిది సిన్నబాబూ?"

"బేచ్ దియా, చాచీ." గోల్‌మురి నుంచి వచ్చిన బేరగాడిని చూపించాడు.

"అమ్మీసినారా? మరి నా సగం?"

"ఆధా దూధ్ తో ఆప్ లేతీ థీ న? పాపా నే యహీ బోలా థా." ఇన్నాళ్ళూ సగం పాలు తీసుకుంటూనే ఉన్నావుగా, నాన్న అన్నదీ అదేగా అని. ఆ రెండు ముక్కలు మాత్రం తెలుగులో పలికాడు. "సగం పాలు. పాలు మత్‌లబ్ దూధ్."

"ఓర్నాయనో!" అన్నాడు ఆదిబాబు. "వాటా కాస్తా పాలైపోనాది. తోడెట్టీయే సన్నేసీ, రేపటికి పెరుగైపోద్ది!"

సన్యాసమ్మ నవ్వలేదు. "పాలు కాదు బాబూ, పాలు," అంది. తనే ఆగిపోయింది. ట్రక్కు డ్రైవరు పకాలున నవ్వాడు.

"అది కాదు. తాగీ పాలైతే 'నీవి' అంతారు. వాటా అయితే 'నీది' అంతారు. మీ నాన్నగోరు 'నీది' అన్నారు."

"ఏక్ హీ బాత్ హై, చాచీ." ఆ తేడా నిజంగానే అతని చెవికి అందలేదు.

సీతారామరావు ట్రక్కు ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. సన్యాసమ్మ తలుపు దగ్గరికి వెళ్ళింది.

"మీరే సెప్పండి రావుగోరూ. ఆయేళ ఏటన్నారు?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. కొడుకు వైపు చూశాడు. మళ్ళీ తుడిచాడు.

"'నీవి' అనే అన్నానమ్మా."

కొడుకు మాట ఆవిడకి అంత తగల్లేదు. వాడికి భాష రాదు. ఈయనకి వచ్చు.

ఆదిబాబు నోట్లో హాస్యం అయిపోయింది. గుంజ దగ్గరే చతికిలబడ్డాడు.

బేరగాడికి ఈ గొడవ పట్టలేదు. తన కళ్ళముందు పితికి చూపిస్తేనే కొంటానన్నాడు. శివశంకర్ బకెట్ తెచ్చి సన్యాసమ్మ ముందు పెట్టి, "చాచీ, జరా..." అని నీళ్ళు నమిలాడు. వేరేవాళ్ళ చెయ్యి పడితే చిలక పాలు చేపదు.

సన్యాసమ్మ గడ్డి కొంచెం దాని ముందు వేసింది. వీపు నిమిరింది. కూర్చుని ముందరి రెండు చన్నులూ పితికింది. బకెట్‌లో నురుగు లేచింది. బేరగాడు వంగి చూసి తల ఊపాడు.

ఆవిడ లేచి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"అయిపోనాయా?" అన్నాడు ఆదిబాబు.

"నా సగం అయిపోనాది." బకెట్ అందుకుంది. "పాలే కదా నావి? ఇయి నావి. ఎనక రెండు సన్నులూ బాబుగోరివి. పితుక్కోమను."

శివశంకర్ కేకలు వేశాడు. తర్వాత బతిమాలాడు. బేరగాడు మొత్తం చూడనిదే నోటు తియ్యనన్నాడు. పొదుగు సగం నిండుగానే ఉండిపోయి చిలక కాళ్ళు మార్చి మార్చి వేస్తోంది, ట్రక్కు మీది దూడకి బదులు పలుకుతోంది.

"పశువు బాధపడుతోంది సన్యాసమ్మా," అన్నాడు రావు సీట్లోంచి.

ఆ బాధ తెలిసింది అక్కడ ఆవిడకే.

"పితకను," అంది.

కాసేపటికి రావు ట్రక్కు దిగాడు. ప్యాంటు పైకి లాక్కుని ఆవు పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. చిలక అడుగు పక్కకి జరిగింది. ఆయనా జరిగాడు. అది మళ్ళీ జరిగింది.