పెద్దవాళ్ళకి పెద్దక్షరం

మా బళ్ళో పిల్లలు నాకు పెట్టిన పేరు క్యాపిటల్ మాస్టారు. ఎదురుగా అనరు, మెట్ల మలుపు దాటాక అంటారు. నిజం చెప్పొద్దూ, ఆ పేరంటే నాకు లోపల్లోపల కాస్త గర్వమే. ఇంగ్లీషులో మనుషుల పేర్లకీ, ఊళ్ళ పేర్లకీ మొదటి అక్షరం పెద్దది వేయకపోతే నాకు ఒళ్ళు మండుతుంది. మన అక్షరాల్లో పెద్దా చిన్నా లేవు కాబట్టి ఆ తేడా మనవాళ్ళ బుర్రకి ఓ పట్టాన ఎక్కదు. అందుకే ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి మరీ ఎక్కిస్తాను.

ఆ రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో హెడ్ మేడం ఒక కాగితాల కట్ట నా ముందు పెట్టారు. లైబ్రరీలో పుస్తకాలకి లేబుళ్ళు రాసి అంటించే ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులవి. ఇంగ్లీషులో, సొంత చేత్తో రాయాలని షరతు.

"పనికొచ్చేవి ఏరి పెట్టండి మాస్టారూ," అని ఆవిడ వెళ్ళిపోయారు.

నాలుగోదో ఐదోదో తీయగానే నవ్వాగలేదు. నాలుగు గీతల కాగితం, ముత్యాల్లాంటి రాత. కానీ మేడంకి పెద్దక్షరం, గుమస్తాకి పెద్దక్షరం, గేటు దగ్గర దారి చెప్పిన వాచ్‌మన్‌కి కూడా పెద్దక్షరం. రాసిన మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం 'నేను' అన్నప్పుడల్లా చిన్న ఐ.

"వినండి, వినండి," అంటూ లెక్కల మాస్టారినీ, డ్రాయింగు టీచర్నీ పిలిచి, గొంతు మార్చి చదవడం మొదలుపెట్టాను. చదువుతూ తప్పు తప్పుకీ ఎర్ర సున్నా. లెక్కల మాస్టారికి టీ పొలమారింది.

"అందరికీ కిరీటాలు పెట్టి తను మాత్రం బోడితలతో నిలబడింది, పాపం," అన్నాను. ఆ మాట నేనే అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

చివరి లైనుకి వచ్చాను. 'నా తమ్ముడు ఇదే బడిలో ఇంగ్లీషు చెబుతారు. ఆయనకి ఇబ్బంది అని చెప్పలేదు.' బ్రదర్ అన్న మాటకి బి పెద్దది. దాని కింద సంతకం. మొదటి అక్షరం చిన్నదిగా ఉండేసరికి అది పేరని నా కంటికి ఆనలేదు. మళ్ళీ చూశాను. మా అక్క పేరు.

"ఆపారేం? తర్వాతేమిటి?" అన్నారు లెక్కల మాస్టారు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఏముంది, ఇదే గోల," అన్నాను. కాగితం మడిచి పనికిరానివాటి మీద పెట్టాను.

అక్కకి ఇంగ్లీషు రాయడం వచ్చని నాకు తెలియదు. ఎప్పుడైనా అడిగితే కదా! పాతికేళ్ళుగా లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేస్తోంది. సాయంత్రమయ్యేసరికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టవు. కూర్చుని చేసే పని ఏదైనా దొరికితే చూడరా అని రెండు మూడుసార్లు అంది. చూద్దాంలే అన్నాను. నేను చూసిన చూపు ఇదీ.

రెండు రోజులు లేని పనులు కల్పించుకుని తప్పించుకు తిరిగాను. మూడో రోజు సాయంత్రం వెళ్ళక తప్పలేదు. అక్క కాళ్ళు పీట మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో ఆ కాగితం.

"సమయానికి వచ్చావురా. నీకు చెప్పకుండా ఒక పని చేశాను, తిట్టకేం," అంటూ అందించింది. "మీ గుమస్తాగారు తిప్పి ఇచ్చారు. శుక్రవారం దాకా టైముందట, తప్పులు దిద్దుకుని మళ్ళీ తెమ్మన్నారు. మీ ఇంగ్లీషు టీచర్లలో ఎవరో మహానుభావులు, ఎంత ఓపిగ్గా దిద్దారో చూడు."

నేను కాగితం వంక చూడలేదు. "అందరికీ పెద్దక్షరం ఎందుకు పెట్టావక్కా?"

"భలేవాడివే, నువ్వేగా చెప్పింది! అమ్మ పోయాక నన్ను బడి మాన్పించారా, అప్పుడు నువ్వు రెండో క్లాసు. నీ పక్కన కూర్చుని, పెద్ద ఏబీసీడీలు ఎవరికిరా అని అడిగితే, పెద్దవాళ్ళకి పెద్దక్షరం అన్నావు. మనం గారు అంటామే, అలాంటిదనుకున్నా. మన పేరుకి మనమే గారు తగిలించుకుంటామా? అందుకే నాకు చిన్నది."

ఏడేళ్ళ వెధవ నోటికొచ్చింది వాగితే, దాన్ని నలభై ఏళ్ళు పదిలంగా దాచుకుంది.

"అది సరేగానీ," కాగితం అడుగున వేలు పెట్టింది, "ఈ రెండిటికీ మాత్రం సున్నా చుట్టలేదు. నా పేరుకీ, తమ్ముడన్నదానికీ. అంటే ఇవి ఒప్పే కదా?"

ఒప్పే అనేస్తే హాయిగా ఇంటికి పోవచ్చు. కానీ అలాగే రాసి పట్టుకెళితే ఉద్యోగం మళ్ళీ పోతుంది. జేబులోంచి ఎర్ర పెన్ను తీశాను.

"రెండూ తప్పేనక్కా. పేరు ఎవరిదైనా పెద్దక్షరమే, ఎవరిది వాళ్ళు రాసుకున్నా సరే. నీ పేరు పెద్దక్షరంతో రాయి. తమ్ముడికి... ముందు 'నా' అని ఉంటే చిన్నదే."

రెండిటికీ సున్నా చుట్టాను. నా సున్నా పైన కలవదు, కాస్త నోరు తెరుచుకుని ఉంటుంది. పలక మీద అక్క ఎన్నిసార్లు దిద్దించినా నాకది కుదరలేదు.

అక్క ఆ రెండు సున్నాలనీ చూసింది. తర్వాత వాటి పైవి, ఒక్కొక్కటీ, కింది నుంచి పైదాకా.

"నేనే అక్కా," అన్నాను. "అందరికీ చదివి వినిపించి నవ్వించాను. నీదని తెలిశాక కూడా నోరు విప్పలేదు."

అక్క కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచింది.

"రేపు మళ్ళీ రాస్తాలే," అంది. "ఆ తమ్ముడి లైను తీసేస్తాను. నీకెందుకు ఇబ్బంది."

"తీయకక్కా. చిన్నక్షరంతో ఉంచు."

"చూద్దాంలే," అంది అక్క.