తెరిచినవాళ్లే మూయాలి

మా ఆఫీసు గోడమీద అద్దం బిగించిన పటం ఒకటి ఉండేది. "టికెట్ తెరిచినవాళ్లే మూయాలి" అని బంగారు అక్షరాలు. సాఫ్ట్‌వేర్‌లో లోపం పట్టినవాళ్లు టికెట్ తెరుస్తారు. దాన్ని బాగుచేశాక మళ్లీ వాళ్లే చూసి మూస్తారు. మధ్యలో ఎవడూ వేలు పెట్టకూడదు, యజమానైనా సరే. ఆ పటం కట్టించింది యజమాని ట్రిఫన్ కల్చెవే. వచ్చినవాళ్లందరినీ దాని ముందు నిలబెట్టి ఫొటో తీయించేవాడు.

మాది ప్లోవ్‌దివ్ నగరం. మేం చేసే సరుకు పేరు గుగుత్కా. ఆఫీసుల్లో జనం గుంపులు కట్టుకుని సందేశాలు పంపుకుంటారు చూడండి, అదీ. రహస్య గుంపులూ ఉంటాయి. "మీ మాట మీ గోడ దాటదు" అని మా ప్రకటన. దాటింది. ముందు మా గోడే దాటింది.

ఫిబ్రవరిలో ట్రిఫన్ అనే పుణ్యపురుషుడి పండగ. ద్రాక్షతీగలు కత్తిరించే రోజు. ఆ పేరు పెట్టుకున్నవాడు అందరికీ తినబెట్టి తాగబోయాలి, తప్పించుకోడానికి లేదు. మావాడు విందుకి పిలుద్దామని కొత్త గుంపు కట్టబోయి, అరవై రెండు మందినీ తెచ్చి కంపెనీ పెద్దల రహస్య గుంపులో పోశాడు. "బానిత్సా, ఎర్ర వైన్, పదకొండింటికి పెరట్లో" అని రాశాడు. పది నిమిషాలకి నాలిక కరుచుకుని అందరి పేర్లూ కొట్టేశాడు. మేం వెళ్లి బానిత్సా, అదే జున్ను పెట్టిన పొరల రొట్టె, తిన్నాం. ఆయన కుండీలో ద్రాక్షతీగని కత్తెరతో కత్తిరించి ఉపన్యాసం ఇచ్చాడు. తీగని కొట్టేస్తేనే కాపు కాస్తుందట.

విహ్రా అక్క మా పరీక్షకులందరికీ పెద్ద. పదకొండేళ్లుగా లోపాలు పట్టడమే ఆవిడ పని. వైన్ తాగి వచ్చి కూర్చుని, ఆ పిలుపు మళ్లీ చూద్దామని వెతుకుపెట్టెలో "బానిత్సా" అని కొట్టింది. పిలుపు వచ్చింది. దాని వెనకాలే పెద్దల గుంపు మొత్తం వచ్చింది. పాతవీ, అప్పుడే రాస్తున్నవీ. అంటే, గుంపులోంచి మనిషి పేరు తీసేస్తున్నారు గానీ వెతుకుపెట్టెకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒకసారి గడప తొక్కినవాడు ఎప్పటికీ లోపలివాడే. మా దగ్గర కొన్న ప్రతి ఆఫీసులోనూ అంతే.

అక్క టికెట్ తెరిచింది. ట్రిఫన్ దానికింద రాశాడు: "హాని తక్కువ. పనిగట్టుకుని ఎవరు వెతుకుతారు?" రెండోసారి గుర్తుచేసింది. అదే జవాబు. మూడోసారి, లోపం ఇంకా ఉందో లేదో చూద్దామని మళ్లీ వెతికింది. ఈసారి ట్రిఫన్ రాసింది కనపడింది: "కంపెనీ అమ్మకం అవగానే పరీక్షకులు ఎనిమిదిమందినీ కత్తిరించేద్దాం." కింద పెద్దలంతా ద్రాక్షగుత్తి బొమ్మలు పెట్టారు.

అక్క నన్ను మెట్లదగ్గరికి పిలిచి చూపించింది. నేను ఫోన్లో గిరాకీల తిట్లు తినే ఉద్యోగిని. ఉద్యోగుల సంఘం పెడదామని రెండేళ్లుగా అందరి చెవుల్లో జోరీగలా తిరుగుతున్నవాణ్ణి.

"అక్కా, అచ్చుకొట్టించి గేటుకి అంటిద్దాం పద!"

"నోరు మూసుకో స్పాస్. దొంగచాటుగా చదివానని నన్ను ఇవాళే గెంటేస్తాడు."

"మరి ఎనిమిదిమంది నోళ్లలో మట్టేనా? నీ మొగుడికి నడుము పడిపోయి మూడేళ్లు. ఇల్లు గడిచేది నీ ఒక్కదాని జీతంతోనే కదా?"

"నా ఇల్లు నువ్వు నాకు చెప్పక్కర్లేదు. టికెట్ నాది. తెరిచే ఉంది. చూద్దాం."

చూడ్డం ఏంటో నాకు అర్థం కాలేదు. పిరికిదనుకున్నాను. నాలుగు రోజులకి వియన్నా నుంచి కొనేవాళ్లు వచ్చారు. పటం ముందు నిలబడ్డారు, తెగ ముచ్చటపడ్డారు. వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నారు: రహస్యానికి సంబంధించిన టికెట్లన్నీ, తెరిచినవాళ్ల చేత్తోనే మూసినట్టు శుక్రవారానికి చూపిస్తేనే కొంటాం. అలాంటిది తెరిచి ఉన్నది ఒక్కటే, అక్కది.

ట్రిఫన్ పరిగెత్తుకొచ్చాడు. ఎప్పుడూ "విహ్రా" అనేవాడు.

"విహ్రా గారూ, కుర్రాళ్లు అది బాగుచేసేశారండీ. ఒక్క నొక్కు నొక్కి మూసెయ్యండి."

"చూడకుండా ఎలా మూస్తాను నాయనా? కాస్త టైం పడుతుంది. వచ్చే నెల ఉంటానో ఉండనో."

ఆయన మొహం తెల్లబోయింది. "మా గుంపు చదివారా? అది నేరం! ఇప్పుడే తీసేస్తా మిమ్మల్ని!"

"తీసెయ్. ఎందుకు తీశావని వియన్నావాళ్లు అడుగుతారు. నేను పెద్ద హాని చేశానంటే, మరి 'హాని తక్కువ' అని రెండుసార్లు రాసిందెవరు? హాని తక్కువంటే, నన్ను తీసెయ్యడం దేనికి?"

ఆ గదిలో ఉన్న మేం పన్నెండుమందిమి కుర్చీలు తిప్పుకుని మరీ చూస్తున్నాం. మాలో ఎవడో "బానిత్సా" అని గొణిగాడు. నేనే అనుకోండి.

గంటలో ఎనిమిది కాగితాలొచ్చాయి, రెండేళ్ల ఉద్యోగ ఒప్పందాలు. ట్రిఫన్ ఎనిమిదింటి మీదా సంతకం పెట్టాడు. కలం అంత గట్టిగా నొక్కడం నేనెన్నడూ చూళ్లేదు. అక్క వాటిని సంచిలో పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని పరీక్షకి కూర్చుంది. వెతుకుపెట్టెలో "బానిత్సా" కొట్టింది. ఏమీ రాలేదు. ట్రిఫన్ ఊపిరి వదిలాడు. అక్క తన పాత మెయిల్ తెరిచి, పండగనాటి గుంపులో చేర్చగానే దానంతటదే వచ్చిన లింకు నొక్కింది.

పెద్దల గుంపు తెరమీద విచ్చుకుంది, ద్రాక్షగుత్తులతో సహా.

"మూయలేను," అంది.

"సంతకాలు పెట్టానుగా!"

"పెట్టావు. అవి మా ఉద్యోగాలకి. ఈ తలుపు ఇంకా తెరిచే ఉంది నాయనా, నేనేం చెయ్యను? కిటికీ మూసి తలుపు మూశామంటే ఎలా?"

శుక్రవారం పోయింది. వియన్నావాళ్లు మూడు వారాలు ఆగి, ధర తగ్గించి కొన్నారు. ఆ మూడు వారాల్లో అన్ని సందులూ పూడ్చారు, అక్క అన్నీ చూసి అప్పుడు మూసింది. ఎనిమిదిమందీ ఉన్నారు.

అమ్మకం అయిన మర్నాడే గోడమీది పటం మాయమైంది. మేకు మిగిలింది. దానికి మా సంఘం మొదటి నోటీసు తగిలించాను. తగిలించినవాళ్లే తియ్యాలి అని అడుగున పెద్ద అక్షరాలతో రాశాను. ఇంతవరకూ ఎవడూ ముట్టుకోలేదు.