మడమొక్కకు మంచినీళ్లు

మూడోసారి కూడా మడమొక్కలు చచ్చాయి. కాకినాడలో మా ల్యాబ్ వెనక తొట్టెల్లో, రాగి కలిపిన నీళ్లలో, పదో రోజుకల్లా ఆకులన్నీ రాల్చేశాయి. సముద్రం ఒడ్డున రాగి కలిసిన మురుగు చేరిన బురదలో ఇవే చెట్లు పచ్చగా నిలబడతాయి. ఆ లోహాన్ని పట్టి కట్టేసే జీన్ ఒకటి వాటిలో ఉందని నిరూపించడమే నా పీహెచ్‌డీ. చచ్చిన మొక్క ఏం నిరూపిస్తుంది?

మా గైడు వెంకటరామరాజు గారు తేల్చి చెప్పేశారు. "ఇదే ఆఖరుసారి, సత్యకుమారీ. ఈసారీ పోతే టాపిక్ మార్చేద్దాం."

అది 2003. నాలుగేళ్లు ధారపోశాను ఆ టాపిక్‌కి. ఏడుపొచ్చింది.

ల్యాబ్ ఊడ్చే లోవమ్మది మడ అడవులున్న కోరంగి వైపు ఊరు. ఎండిన మొక్కలు పారబోస్తూ అడిగింది.

"వీటికి ఏం నీళ్లు పోశారండీ?"

"కాలువ నీళ్లు. రోజూ."

"అయ్యబాబోయ్! మడకి మంచినీళ్లేంటండీ? ఉప్పు తగలకపోతే నీరసించిపోద్దండి."

నాకు ఒళ్లు మండింది. పొలంలో ఉప్పు తేలినప్పుడల్లా కాలువ నీళ్లు పెట్టి కడిగేవాడు మా నాన్న. వరి రైతు బిడ్డని, నాకా చెప్పేది? "నీ పని నువ్వు చూసుకో" అనేశాను.

అన్నానే గానీ ఆ మాట వదల్లేదు. ఉప్పు వరికి శత్రువు. మడకి కూడా శత్రువేనని నాకెవరు చెప్పారు? రాగి వేయకముందే వాటిని నేనే నీరసపెట్టానేమో!

మర్నాడు సిగ్గు చంపుకుని లోవమ్మనే సాయమడిగాను. ఒక్క మాట దెప్పలేదు మహాతల్లి. వారం వారం సముద్రపు పోటు ఎక్కే వాళ్లూరి ఏటి ఉప్పునీళ్లు క్యాన్లతో తెచ్చింది. సగం కొత్త మొక్కలకి అవి, సగానికి కాలువ నీళ్లు పోసి పెంచి, అన్నిటికీ రాగి సమానంగా కలిపాను. పదో రోజుకి కాలువ నీళ్లవి వాడిపోయాయి. ఉప్పునీళ్లవి చిగురు వేశాయి!

ఆకులు నూరి, ఆ జీన్ ఎంత పనిచేస్తోందో జెల్ పలక మీద చూశాను. గీత ఎంత లావుంటే జీన్ అంత పనిచేస్తున్నట్టు. ఉప్పునీటి మొక్కల వరసలో గీత తెల్లగా, లావుగా వెలిగింది. కాలువ నీటి వరసలో ఉందా లేదా అన్నట్టుంది. ఎగిరి గంతేశాను.

ఆ గీతల ఫోటో పట్టుకుని లోవమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"ఈ గీతకేనా నాలుగేళ్లండీ?" అంది.

"దీనికే."

"ఫోటో ఎందుకండీ, మొక్కనే చూపిద్దాం పదండి."

తొట్టెని చెరోవైపు పట్టుకుని తీసుకెళ్లి రాజుగారి బల్ల మీద పెట్టాం. బురదనీళ్లు కాగితాల మీదకి కారాయి. ఆయన చిగురు చూశారు, ఫోటో చూశారు.

"ఈసారి ఏం చేశావమ్మా?"

"ఈవిణ్ణి అడగండి సార్."

రాజుగారు లేచి నిలబడ్డారు. తన కుర్చీ లోవమ్మ వైపు జరిపి, "కూర్చోమ్మా, మొదట్నుంచీ చెప్పు" అని పెన్ను తీశారు.