ముప్పై తొమ్మిదో గీత

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే: మంచం మీద నానమ్మ, మూలగదిలో మౌనవ్రతంలో ఉన్న అత్త, వంటగదిలో గిన్నెలు తోముతున్న మనవరాలు పిచ్చుక. ఎవరిముందూ గొంతు పెగలక, కిచకిచమన్నట్టు సన్నగా మాట్లాడే పిల్ల కాబట్టి నానమ్మ పెట్టిన పేరది. అమ్మ కుట్టుపనికి వెళ్లింది.

అత్తకి అది ముప్పై తొమ్మిదో రోజు. మాట, సైగ, రాత ఏవీ కూడదు. నలభై రోజులు నిలిస్తే ధ్యానమందిరంలో బౌద్ధ గురువు పక్కనే ఆసనం. ఒక్క మాట జారినా మళ్లీ మొదటి రోజే. "నేను" అన్నది కరిగిపోవడానికే ఈ మౌనమని గురువు చెప్పాడట. అత్త మాత్రం రోజుకో సుద్దగీత గీస్తోంది, అదీ వచ్చేపోయేవాళ్లకి కనపడేలా తలుపుకి బయటవైపు.

"మీ అత్త మన చెవులకి సెలవిచ్చిందే," అని నానమ్మ పొద్దున నవ్వింది కూడా.

మధ్యాహ్నానికి ఆ నవ్వు లేదు. నానమ్మ గుండె పట్టుకుని పక్కకి ఒరిగిపోయింది.

"మాత్ర... నాలిక కింద..."

గూట్లో రెండు గోధుమరంగు సీసాలు. ఒకదాంట్లో గుండె మాత్రలు, ఇంకోదాంట్లో నిద్రమాత్రలు. రెండూ తెల్లగా, చిన్నగా, ఒక్కలాగే ఉంటాయి. మందుల దుకాణంలో పనిచేసే అత్త విడిగా తెచ్చి వాటిలో పోసేది. చీటీ అంటించమంటే, "నేనుండగా చీటీలెందుకు?" అనేది.

పిచ్చుక రెండూ పట్టుకుని పరిగెత్తి తలుపు బాదింది. అత్త తీసింది.

"అత్తా, నానమ్మకి ఊపిరాడట్లేదు! గుండె మాత్రలు ఏవి? చూపించు చాలు!"

అత్త కళ్లు సీసాల మీద వాలాయి. అక్కణ్ణుంచి గీతల మీదకి పోయాయి. చెయ్యి లేచింది, సగంలో ఆగింది. ముందుగదిలో మూలుగు సన్నబడుతోంది.

"అత్తా, నీకు దణ్ణం పెడతా!" పిచ్చుక పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా అరవలేదు.

"మూత పగిలిన సీసాలోవి," అంది అత్త, బొంగురుగా.

మాత్ర నాలుక కింద కరిగింది. పావుగంటకి నానమ్మ ఊపిరి దారిలో పడింది. "ఇంకా ఇక్కడే ఉన్నానా?" అని గొణిగింది.

పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి పిచ్చుక మూలగదికి పరిగెత్తింది.

"అత్తా, గండం గడిచింది! నీ మాటే కాపాడింది!"

అత్త గుమ్మంలో సుద్దముక్కతో నిలబడి ఉంది. ముప్పై ఎనిమిది గీతల పక్కన మరొకటి తిన్నగా గీసింది.

"ఏ మాట? నేను నోరు విప్పలేదు. నువ్వు వినలేదు."

"మరి సీసా..."

"నీకే తెలిసింది."

పిచ్చుక నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు. అత్త ఆ కొత్త గీత వంక తృప్తిగా ఒకసారి చూసుకుని, పిల్ల మొహం మీదే తలుపు వేసేసింది.