ఉట్టిమీది పాట

ఆషాఢమేఘములు సముద్రమునుండి లేచివచ్చి నీలకంఠపురపు నేతవీథిపై నల్లని పందిరివలె క్రమ్ముకొనియున్న యొక ప్రాతఃకాలమున, వీథిపొడవున సాగదీసి గంజిపెట్టదలచిన నిలువుపోగుల పడుగులను వానభయముచేత చుట్టి చూరుల క్రిందికి చేర్చిన నేతకాండ్రు ఆకాశమును తిట్టుకొనుచు తమతమ మగ్గపు గుంటలలోనికి దిగిరి. దిగిన మరుక్షణమే వీథి యీ కొసనుండి యా కొసవఱకు టకటకాధ్వనులు పుట్టెను. ఆ ధ్వని యా యూరికి ఊపిరి. శ్రావణమాసపు చీరలకై వర్తకులు పురమాయించిన నాటినుండి తెల్లవారినది మొదలు దీపములు పెట్టువఱకు అది ఆగి యెఱుగదు.

వీథికి పడమటి చివర నాగభూషణమను నేతపెద్ద యింట మూడు మగ్గములు కలవు. ఒకదానియందు ఆతడును, ఒకదానియందు ఆతని భార్య కాంతమ్మయు, కిటికీప్రక్కనున్న మూడవదానియందు ఆతని చెల్లెలు గౌరమ్మయు నేయుచుందురు. పెండ్లి యొల్లక మగ్గమునే నమ్ముకొన్న యా గౌరమ్మకు లోకమున తనదని చెప్పుకొనదగిన వస్తువొక్కటే యుండెను. ఊరి బడిలో సంగీతము నేర్పిన యొక పంతులమ్మ, ప్రతిసాయంకాలమును తన గడపయొద్ద కూర్చుండి పాటలు విని వెడలిపోవు ఈ నేతకత్తెను మఱువజాలక, ఊరు విడుచునపుడు తన రికార్డు ప్లేయరును ఆంప్లిఫైయరును రెండు స్పీకరు పెట్టెలను నలువది రికార్డులతో గూడ నామె చేతులలో పెట్టిపోయెను.

పెట్టిపోయెనేగాని వినుటకు తీరిక యేది? పగలెల్ల మగ్గము. మగ్గము దిగువేళకు చెవులలో టకటకయు కన్నులలో నిద్రయు మిగులును. కావున నేయుచునే వినవలెనని గౌరమ్మ కోరిక. ఆ కోరికకు అడ్డుపడినది మగ్గమే. మూడు మగ్గములు నేలను అదరించుచుండగా రికార్డుమీది ముల్లు కప్పవలె గంతులు వేయును. పల్లవి యగును, అనుపల్లవి యగును, చరణము మొదలగును. అంతట ముల్లెగిరి మరల పల్లవిపై పడును. తనకు మిక్కిలి ఇష్టమైన కీర్తన చివరకెట్లు ముగియునో గౌరమ్మ నాటివఱకును ఇంట వినియుండలేదు.

మంచి స్టాండు కొన్నచో ముల్లు నిలుచునని యెవరో చెప్పగా నాగభూషణము చెల్లెలిని, పదునాఱేండ్ల కూతురు భ్రమరను వెంటబెట్టుకొని పట్టణమునకు పోయెను. భ్రమర మిక్కిలి బిడియస్థురాలు. బడిలో జవాబు తెలిసియు చేయెత్తనిది. నోట రాని మాటలన్నియు రాత్రి నోటుపుస్తకమున వ్రాసికొనునది. రికార్డులను తుడిచి వరుసగా పెట్టు పని మాత్రము అత్త ఆమెకే యిచ్చియుండెను.

అంగడి యజమానుడైన సుందరరావు గాజుపలకల ర్యాకును, ఇనుపకడ్డీల స్టాండును, తలుపులు గల చెక్క అలమారును, చక్రముల బండిని వరుసగా చూపించి వర్ణించెను. భ్రమర యెవరును చూడకుండ ఒక్కొక్కదానిపై అరచేయి మోపి రెండవచేత మెల్లగా తట్టిచూచెను. గాజు ర్యాకు జల్లుమనెను. ఇనుపస్టాండు గుంయిమనెను. చక్రముల బండి యామె తట్టకమునుపే కదలెను.

"ఏంటమ్మాయ్, పుచ్చకాయలు కొంటున్నావా, తడుతున్నావు?" అని సుందరరావు నవ్వెను. భ్రమర చేయి వెనుకకు తీసికొనెను.

"మగ్గాలు ఆడేచోట ఏది నిలబడుద్దో చెప్పయ్యా," అని గౌరమ్మ యడిగెను.

"మగ్గాలింట్లో పాటలెందుకమ్మా మీకు? ఆ సెట్టు నాకిచ్చెయ్యండి. మంచి టీవీ ఇస్తాను. గోడకు కొట్టుకుంటే ఏ మగ్గమూ ఏమీ చెయ్యదు."

నాగభూషణమునకు టీవీ మాట చెవికింపుగా నుండెను. అయినను చెల్లెలి ముఖము చూచి, "ఈ గాజుముక్కలు మనకెందుకు గౌరీ? తాతలనాడు పాతిన మగ్గం గుంజ ఇంతవరకు వెంట్రుకవాసి కదిలిందా? స్టాండు నేను చేయిస్తా పద," అని లేచెను.

అన్నమాట దప్పక నాలుగు టేకుకాళ్ళు చేయించి వానిని మగ్గముల గదిలోనే రెండు మూరల లోతున గుంజలవలె పాతి మన్ను దట్టించి నీరుపోసి తొక్కించి పైన మందపు పలక బిగించెను. మగ్గమును నిలుపు విద్య తెలిసినవాడు దేనినైనను నిలుపగలడని ఆతని నమ్మకము. వీథివారు వచ్చి యూపిచూచి మెచ్చుకొనిరి. నిజముగనే యది యేనుగు తోసినను కదలదు. ప్లేయరు నెక్కించి, మగ్గములు నడిపించి, పాట పెట్టిరి.

ముల్లు చరణమువఱకైనను పోలేదు. పల్లవిలోనే యెగిరెను.

మరల పెట్టిరి. మరల ఎగిరెను. స్టాండు కదలలేదన్నది యందఱును చూచిరి. కదలని స్టాండుపైనున్న యంత్రము తప్పుచేసినచో ఆ తప్పు యంత్రమునదేయని నాగభూషణము తీర్మానించెను.

"సెట్టే పాడైంది. సోమవారం సుందర్రావును బండేసుకు రమ్మంటా. టీవీ తెచ్చుకుందాం."

గౌరమ్మ ముల్లును ఎత్తి పెట్టెను. పేకనూలు అందుకొని నేయుటకు పోయెను. ఆమె అట్లు మరలిపోవుటయే భ్రమరకు సహింపరానిదాయెను.

మరునాటి మధ్యాహ్నము దాహమై వంటయింటికి పోయిన భ్రమర నీళ్ళబిందెలోనికి వంగి చూచెను. మగ్గము దెబ్బ పడినప్పుడెల్ల నీటిపై సన్నని వలయములు పుట్టి అంచులవఱకు పరచుకొనుచుండెను. ఆమె తలయెత్తెను. పిల్లికందకుండ దూలమునుండి కొబ్బరిత్రాళ్ళతో వ్రేలాడగట్టిన ఉట్టిలో మజ్జిగముంత యుండెను. పీటయెక్కి చూడగా మజ్జిగపై తేఱిన తేట చిన్న వలయమైన లేక నిద్రించుచుండెను.

భ్రమర చాలసేపు ఆ పీటపైననే నిలిచియుండెను. తండ్రి స్టాండు కదలకపోవుట నిజమే. అది నేలతో కలిసిపోయినది. నేల వణకినప్పుడు అదియు నేలతోపాటు వణకుచు ప్రతిదెబ్బను ముల్లునకు మోసికొనిపోవుచున్నది. ఉట్టికో, నేలతో చుట్టఱికమే లేదు.

ఆ సాయంకాలమే మజ్జిగముంత గూటిలోనికి మాఱెను. "మజ్జిగ పిల్లికి నైవేద్యం పెట్టమంటావా యేంటే?" అని కాంతమ్మ గొణిగెనుగాని అడ్డుచెప్పలేదు. భ్రమర ఒక పలకను నాలుగు మూలల కొబ్బరిత్రాళ్ళు గట్టి మగ్గముల గదిలోని నడిమి దూలమునుండి వ్రేలాడదీసి దానిపై నీటిగిన్నె నుంచెను. ఉదయమున మగ్గములు మొదలుకాగానే గిన్నెలో వలయములు లేచెను. పేకను దట్టించు పలకలు ఆ దూలమునుండియే వ్రేలాడుచుండెనని యామెకు అప్పుడు తోచెను. త్రాళ్ళు విప్పి, మగ్గములతో పొత్తు లేక గోడలపై ఆనియున్న వేఱొక దూలమునకు గట్టెను. వలయములు పోయెను. కాని గాలి వీచినపుడు పలక ఉయ్యాలవలె నూగెను. పెరటిలో బట్టలుతుకు కడప బండయొకటి యుండగా గౌరమ్మయు ఆమెయు కలిసి మోసికొనివచ్చి పలకపై నెక్కించిరి. త్రాళ్ళు బిగిసి కిఱ్ఱుమనెను. ఊగు మానెను. గిన్నెలోని నీరు అద్దమాయెను.

భోజనమునకు వచ్చిన నాగభూషణము దానిని చూచి పకపక నవ్వెను.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట! పాటను ఉట్టిలో పెడతావంటే? రేపు వీధంతా నవ్వుద్ది. నేను పాతిన స్టాండు ఏనుగు తోసినా కదలదే!"

భ్రమరకు చెప్పదగిన మాటలన్నియు తెలియును. ఆ రాత్రి నోటుపుస్తకమున రెండు పుటలు వ్రాసి, సోమవారము ఉదయమున చింపి చదివి చూచుకొని, తండ్రి కీయదలచి, ఈయలేక పరికిణీ మడతలో దోపుకొనెను.

ఆనాడే ప్రొద్దెక్కిన వేళకు సుందరరావు బండి గుమ్మము ముందాగెను. టీవీ పెట్టె దిగెను. ఆతడు లోపలికి వచ్చి స్పీకరు పెట్టెపై చేయివేసెను. గౌరమ్మ మగ్గమునుండి తలయెత్తలేదు. అయినను ఆమె చేత పేకపోగును అటునిటు నడుపు నాడె ఆగిపోవుటను భ్రమర చూచెను. ఇరువదియేండ్లలో ఆమె మగ్గమున కూర్చుండియుండగా ఆ నాడె యట్లాగుట అదియే మొదటిసారి.

"దాని మీద చెయ్యి తియ్యండి," అనెను భ్రమర.

ఎవరు మాటలాడిరో యని అందఱును చుట్టు చూచిరి.

"చెయ్యి తియ్యండన్నా. అది అత్తది. నాన్నది కాదు, మీదీ కాదు."

"ఏందే ఆ మాటలు?" అని నాగభూషణము గర్జించెను. "పెద్దోళ్ళ ముందర!"

"సెట్టు పాడైందన్నావు గదా నాన్నా. పాడైతే ఎక్కడ పెట్టినా పాడదు. ఒక్కసారి నా ఉట్టి మీద పెడతా. మధ్యలో ఎగిరితే నేనే మోసి బండెక్కిస్తా."

సుందరరావు చిఱునవ్వు నవ్వి, "అయితే మగ్గాలు కాసేపు ఆపండి భూషణంగారూ, పిల్ల ముచ్చట తీరుద్ది," అనెను.

"ఆపొద్దు!" అని భ్రమర యఱచెను. తన గొంతింత పెద్దదని ఆమెకే తెలియదు. "ఒక్క మగ్గం కూడా ఆపొద్దు. నాన్నా, నువ్వు కూర్చో. ఎప్పుడూ కొట్టనంత గట్టిగా కొట్టు. అమ్మా, నువ్వూ. అత్తా, నువ్వు కూడా. పాట కోసం మగ్గం ఆగిందని రేపెవరూ అనగూడదు."

నాగభూషణము కూతురివైపు ఱెప్పవేయక చూచెను. ఆమె కన్నులు దించలేదు.

"సరే," అని యాతడు పండ్లు బిగించి గుంటలోనికి దిగెను. "కొడతా చూడు."

భ్రమర స్పీకరు పెట్టెలను రెండింటిని, ఆంప్లిఫైయరును తండ్రి పాతిన స్టాండుపై నెక్కించెను. ప్లేయరును కడప బండపై నుంచి తీగలను బిగువు లేకుండ వదలి, ముల్లును దించి రెండడుగులు వెనుకకు తొలగెను. నాగభూషణము చీర నేయువానివలె గాక పగ తీర్చుకొనువానివలె మగ్గపు పలకను మోదెను. గూటిలోని మజ్జిగముంత గలగలమనెను. చూరునుండి దుమ్ము రాలెను. గోడపై క్యాలెండరు ఊగెను.

పల్లవి వచ్చెను. నిలిచెను. అనుపల్లవి వచ్చెను. నాగభూషణము మఱింత బలముగా కొట్టెను. చరణము మొదలాయెను. ఇదివఱకు ముల్లెగిరిన చోటు వచ్చుచున్నదని యెఱిగిన గౌరమ్మ కన్నులు మూసికొని నేయుచుండెను. ఆ చోటు వచ్చెను, పోయెను. పాట అవతలిగట్టున కాలుమోపి, తానెన్నడును నడువని వీథిలోనికి పోవుచున్నట్లు, ఆ యింటివారెన్నడును ఇంట వినని పదములలోనికి సాగిపోయెను. గౌరమ్మ కన్నుల వెంబడి నీరు కాఱెను. ఆమె నాడె యాగలేదు.

పాట ముగిసెను. ముల్లు గరగరలాడుచు లోపలి వలయములో తిరుగుచుండెను. సుందరరావు స్టాండును చూచి ఉట్టిని చూచి టీవీ పెట్టెను తానే బండిలోని కెక్కించుకొనెను.

నాగభూషణము కొట్టుట మానలేదు. కూతురిని మెచ్చుకొననులేదు. చెమటకాఱు ముఖమును భుజమున కద్దుకొని, తలయెత్తకయే గద్దించుచున్నట్లు పలికెను.

"అట్టా గుడ్లప్పగించి నిలబడతావేందే? దానికి రెండోవైపు కూడా ఉంటది గదా. తిప్పు."

భ్రమర రికార్డును తిప్పెను. నోటుపుస్తకపు పుటలు పరికిణీ మడతనుండి జారి నేలపై పడియుండుట ఆమె గమనింపనేలేదు. వానితో పనియు లేకపోయెను. పాతినదంతయు నిలుకడ గలది కాదు. ఊరంతయు తొక్కి గట్టిపఱచిన నేలయైనను వణకునప్పుడు దానితో కలిసి వణకనొల్లక కొంచెము ఎడముగా, తన బరువున తాను వ్రేలాడుచు నిలుచునదే నిలుచును. బయట మేఘములు విచ్చెను. వీథివారు తమ పడుగులను మరల సాగదీయుచుండగా, మూడు మగ్గముల దెబ్బలనడుమ పాట రెండవవైపు మొదలాయెను.